ఆర్లిస్ అనే పెద్దబాతు

మిన్నెసోటాలో మా టోర్‌డాల్‌లో ఆర్లిస్ క్వామీ ఇల్లెక్కడ అని అడిగితే పోస్టాఫీసువాళ్ళు కూడా ఒక్క క్షణం తల గోక్కుంటారు. పెద్దబాతు ఇల్లు అనండి, నిన్నగాక మొన్న నడక నేర్చిన పిల్లాడు సైతం చెయ్యి చాపి చూపిస్తాడు. చక్కెరదుంపల గుట్ట దాటాక, రైలుపట్టాలకి ఇవతల, ఆకుపచ్చ రేకుల ఇల్లు. గుమ్మం ముందు సిమెంటు పెద్దబాతు ఒకటి నిలబడి ఉంటుంది. చలికాలం దానికి ఉన్ని టోపీ, వానొస్తే పసుప్పచ్చ కోటు. ఆ బాతుని ఆర్లిస్ కొనలేదు. ఆ ఇంట్లో ఉన్న ఏ పెద్దబాతునీ ఆమె కొనలేదు. ఉప్పుబుడ్డి, మిరియాలబుడ్డి, గోడగడియారం, వంటింటి కర్టెన్లు, చేతి తువ్వాళ్ళు, అన్నిటిమీదా బాతులే, అన్నీ ఊళ్ళోవాళ్ళు ప్రేమగా ఇచ్చినవే. వచ్చినవాళ్ళు తామిచ్చిన బాతు ఎక్కడుందా అని కళ్ళతో వెతుకుతారు కాబట్టి ఒక్కటి కూడా పారెయ్యడానికి లేదు.

ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. అరవై దాటినా ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. బ్యాంకులో చేసింది, విత్తనాల కొట్టులో చేసింది, చర్చి పాటల బృందంలో చేరింది, మానేసింది, మళ్ళీ చేరింది. ఇంట్లో ఉంటే అల్మారాలు సర్దుతుంది, సర్దినవే మళ్ళీ తీసి సర్దుతుంది. కాలుకాలిన పిల్లి అని మొగుడు డ్యుయేన్ అందరితో అంటాడు. ఎదురుగా పిలిచేది మాత్రం పెద్దబాతూ అనే. బస్సు నడపడం ఒక్కటే ఆమె ఒంటికి పడింది, కూర్చునే కదులుతూ ఉండొచ్చు గనక.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే మా ఆట సంగతి చెప్పాలి. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు వాళ్ళ వెనక తిరుగుతూ ఒక్కొక్కరి తల తడుతూ రంగులు చెబుతారు. ఎర్ర బాతు, పచ్చ బాతు, బులుగు బాతు. ఎవరి తల తట్టి బూడిద బాతు అంటారో వాళ్ళు లేచి వెంటపడి పట్టుకోవాలి. "బూ" అని సాగదీసి, అవతలివాడు సగం లేచేదాకా ఊరించి, "బులుగు" అనెయ్యడంలో ఉంది మజా అంతా. దేశంలో తక్కిన రాష్ట్రాలన్నిటిలో ఈ ఆటని "బాతు, బాతు, పెద్దబాతు" అని ఆడతారట. రంగుల్లేవు, ఊరింపు లేదు. తక్కిన దేశమంతా తప్పాడుతోందని మిన్నెసోటావాళ్ళ గట్టి నమ్మకం.

ఆర్లిస్ పక్క రాష్ట్రం అయోవానుంచి వచ్చిన పిల్ల. తండ్రి ఇక్కడ పొలం కౌలుకి తీసుకుంటే ఏడేళ్ళ వయసులో మా బళ్ళో చేరింది. మొదటి వారంలోనే ఆటలో ఆమె వంతు వచ్చింది. ఒక పిల్ల తల తట్టి, ఊపిరంతా కూడదీసుకుని "పెద్దబాతు" అని అరిచి పరిగెత్తింది. చుట్టూ తిరిగి తన చోటికి వచ్చి చూసుకుంటే వెనక ఎవరూ లేరు. తల తట్టించుకున్న పిల్ల కూర్చున్నచోటే కూర్చుని నోరు తెరుచుకు చూస్తోంది. తర్వాత అందరూ నవ్వారు. ఆ గుండ్రంలో డ్యుయేన్ కూడా ఉన్నాడు. ఆర్లిస్ కూడా నవ్వింది. ఆ సాయంత్రానికే ఆమె పెద్దబాతు అయిపోయింది, పెళ్ళినాడు ఊరి పేపర్లో వేసిన ఫోటో కింద కూడా కొటేషన్లలో అదే పేరు.

ఎవరూ చెడ్డగా అనలేదు. అదే అసలు చిక్కు. ఎవరైనా ఏడిపించడానికి అని ఉంటే పోట్లాడేది, జుట్టు పట్టుకునేది, ఏదో ఒకటి తేలిపోయేది. ముద్దుగా పిలిచేవాళ్ళ మీద ఏమని విరుచుకుపడుతుంది? పిలిచిన ప్రతిసారీ ఆమె నవ్వుతూ పలికింది. పలికిన ప్రతిసారీ మనసు ఒప్పుకునేది కాదు. అలవాటైపోతుందిలే అనుకుంది. అరవై దాటినా అలవాటు కాలేదు.

ఇక బస్సు సంగతి. ధాన్యం గోదాముల దగ్గర రోడ్డు రైలుపట్టాలని దాటుతుంది. స్కూలు బస్సు అక్కడ ఆగి తీరాలి, తలుపు తెరిచి చెవి పెట్టి విని మరీ కదలాలి. చాలా పొద్దుటిపూటలు ఆ వేళకే గూడ్సు బండి వస్తుంది. గేటు పడుతుంది. పిల్లలు గోల మొదలెడతారు. ఒకసారి గోల భరించలేక ఆర్లిస్ మైకు తీసుకుని కథ మొదలెట్టింది. మడుగు పక్కన ఉండే జంతువుల కథ. ఎవరినీ కావలించుకోలేని ముళ్ళపంది, ఒక్క నిమిషం తీరిక లేకుండా చెట్లు కొరికి ఆనకట్టలు కట్టే బీవరు, తన నీడకే ఉలిక్కిపడే కుందేలు. గూడ్సు ఎంత పొడుగుంటే అధ్యాయం అంత పొడుగు. గేటు లేస్తే కథ ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. పిల్లలు పొద్దున లేస్తూనే ఇవాళ గూడ్సు పొడుగ్గా ఉండాలి దేవుడా అని మొక్కుకునేవారని తల్లులు చెబుతారు.

ఈ ఏడాది కథలోకి హెల్గా వచ్చింది. ఆమె పెద్దబాతు. తనవాళ్ళంతా ఎగిరిపోతుంటే దారి తప్పి, బూడిద బాతులుండే మడుగులో దిగిపోయింది. ఆ బాతులు మంచివే, కానీ ఆమె ఈదినా నవ్వుతాయి, అరిచినా నవ్వుతాయి. రెండో తరగతి టీచరు మిస్ పెల్టో ఇదంతా పిల్లల నోట విని, పుస్తకం చేద్దామని పట్టుబట్టింది. పిల్లలు బొమ్మలు గీస్తారు, బడిలోనే అచ్చు వేస్తారు, వసంతంలో అందరికీ తలొకటి ఇస్తారు. చర్చి కింది హాల్లో కాఫీ దగ్గర ఆర్లిస్ మొదటి అధ్యాయాలు చదివి వినిపిస్తే లొరెయిన్ అనే పెద్దావిడ కప్పు కింద పెట్టి "వేరేగా ఉంది" అంది. మా దగ్గర ఎవరైనా దేన్నైనా వేరేగా ఉంది అన్నారంటే, దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టినా తమకేం అభ్యంతరం లేదని అర్థం.

అందుకు ఆర్లిస్ బాధపడలేదు. చివరి అధ్యాయమే ఆమెని తినేస్తోంది. హెల్గా ఆ మడుగులో ఎలా ఇమడాలి? రాస్తుంది, కొట్టేస్తుంది. లేచి గిన్నెలు కడుగుతుంది. కడిగిన గిన్నెల్ని అటునుంచి ఇటు మారుస్తుంది. మిస్ పెల్టో తొందరపెడుతోంది, బొమ్మలన్నీ అయిపోయాయి, చివరిది తప్ప. కథకి ముగింపు దొరక్కపోవడం ఏమిటి, అందరూ కలిసిపోయారు అంటే చాలదా అని డ్యుయేన్ అన్నాడు. చాలదు అంది ఆర్లిస్. ఎందుకు చాలదో ఆమెకీ తెలీదు, తెలిసినా చెప్పే ధైర్యం లేదు.

జనవరి చలిలో ఓపల్ అనే పిల్ల వచ్చింది. తండ్రికి చక్కెర ఫ్యాక్టరీలో పని దొరికి మిస్సోరీ నుంచి తరలివచ్చిన కుటుంబం. తల్లికి ఒక ముసలాయన్ని రాత్రిళ్ళు చూసుకునే పని. పిల్ల సన్నగా ఉంటుంది, ఇక్కడి చలి కోసం కొత్తగా కొన్న తెల్లకోటులో ఇంకా సన్నగా కనిపిస్తుంది. ఆర్లిస్ సీటు వెనకే కూర్చునేది. మొదట్లో మిస్సోరీలో తన కుక్క గురించి, అక్కడ మంచు ఇంత గట్టిగా ఉండదన్న సంగతి గురించి గలగలా చెప్పేది. ఆ తర్వాత ఒక రోజు సాయంత్రం బస్సెక్కి మాట్లాడలేదు.

ఏమైందో వెనక సీట్లో ఉన్న బ్రిట్టా చెప్పింది. బ్రిట్టా లొరెయిన్ మనవరాలు, మూడో తరగతి, బస్సు మొత్తానికి పెత్తనం తనదే. ఆటలో ఓపల్ ఏమందో తెలుసా అంది. ఆర్లిస్‌కి తెలుసు. వినకముందే తెలుసు.

"బాతు బాతు పెద్దబాతు అంది. అచ్చం నీలాగే," అంది బ్రిట్టా సంబరంగా. "అందుకని దానికి చిన్న పెద్దబాతు అని పేరు పెట్టాం. బాగుంది కదూ?"

బ్రిట్టా మంచి పిల్ల. ఊళ్ళో అందరికీ ఇష్టమైన మనిషి పేరు కొత్తపిల్లకి ఇచ్చామని, అదొక బహుమానమని ఆమె ఉద్దేశం. ఆర్లిస్ అద్దంలో చూసింది. ఓపల్ నవ్వుతోంది. పెదాలు మాత్రమే నవ్వే ఆ నవ్వు ఆర్లిస్‌కి బాగా తెలుసు, ప్రతి పొద్దునా పళ్ళు తోముకుంటూ చూసుకునేదే. ఏదో ఒకటి అనాలనుకుంది. ఈలోగా ఓపల్ దిగే చోటు వచ్చేసింది. రేపు చెబుదాం అనుకుంది. రేపు కూడా చెప్పలేదు. ఏమని చెబుతుంది? ఆ పేరు చెడ్డదంటే, మరి నువ్వెందుకు పలుకుతున్నావని అడుగుతారు. అప్పుడు ఊరందరికీ జవాబు చెప్పుకోవాలి. సిమెంటు బాతు ఇచ్చినవాళ్ళకి, కర్టెన్లు కుట్టినవాళ్ళకి, ఇంట్లో మొగుడికి. ఇంతమందిని ఇన్నేళ్ళుగా తప్పుపడుతున్నావా అనరూ?

ఆ వారమంతా ఆమెకి నిద్ర లేదు, కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు. బస్సులో పేరు అంటుకుపోతోంది. చిన్న అనే మాట ముందు ఊడిపోయింది, పెద్దబాతు మిగిలింది. ఇద్దరు పెద్దబాతులున్న బస్సు ఇంకెక్కడైనా ఉందా అని పిల్లలు మురిసిపోతున్నారు. ఆర్లిస్ మనసులో ఒకటే లెక్క తిరుగుతోంది. ఈ పిల్ల ఇప్పుడు పలకడం మొదలుపెడితే ముసలిదయ్యేదాకా పలుకుతూనే ఉంటుంది.

ఇలాంటి మనసుతో మంగళవారం గేటు దగ్గర మైకు తీసుకుంది. ఏం చెప్పాలో తెలీకుండానే నోటికొచ్చింది చెప్పింది. మడుగు ఒడ్డున ఎండుగడ్డి కాలిపోయి బూడిద మిగిలింది. హెల్గా అందులో పొర్లింది. రెక్కలు, మెడ, తోక, అన్నీ బూడిద రంగు అయ్యాయి. ఆమె ఈదుకుంటూ వెళితే బాతులన్నీ చోటిచ్చి, నువ్వు మాలో ఒకదానివే అన్నాయి. ఆ తర్వాత వాన రావాలి. ఆ బూడిద కొట్టుకుపోవాలి. అంతదాకా ఆర్లిస్‌కి తెలుసు. కానీ ఆ రోజు గూడ్సు పొట్టిది. చివరి పెట్టె దడదడమని వెళ్ళిపోయింది, గేటు లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెల్గా బూడిదలోనే, అందరిలో ఒకటిగా, ఆ రోజుకి ఆగిపోయింది.

మర్నాడు ఓపల్ బస్సు తలుపు దగ్గర నిలబడింది. ఆర్లిస్ మొదట గుర్తుపట్టలేదు. తెల్లకోటు బూడిద రంగుకి తిరిగి ఉంది. చెంపలు, నుదురు, చెవులు, జుట్టు పాపిడి, అంతా పొయ్యిబూడిద. రాత్రి పని నుంచి వచ్చిన తల్లి నిద్రపోతోంది, తండ్రి పనికి వెళ్ళిపోయాడు, అడ్డుకునేవాళ్ళు లేరు. పిల్ల మెట్లెక్కి, చేతులు కొంచెం ఎడంగా పెట్టుకుని, బస్సులోకి చూస్తూ నిలబడింది. చోటిస్తారా అన్నట్టు చూసింది.

బ్రిట్టా లేచి నిలబడి "హెల్గా వచ్చింది" అంది. బస్సంతా నవ్వులు, చప్పట్లు. ఎగతాళి కాదు, నిజంగా మెచ్చుకోలే. పెద్దబాతు, పెద్దబాతు అని పాట అందుకున్నారు. ఓపల్ పెదాలతో నవ్వింది. కళ్ళ కింద బూడిదలో రెండు చారలు అప్పటికే ఉన్నాయి, దారిలో ఏడ్చి ఉంటుంది.

ఆర్లిస్ తన మెడకున్న మఫ్లరు తీసి పిల్ల మొహం తుడవబోయి ఆగింది. తుడిస్తే ఇది కూడా బాగాలేదు కాబోలనుకుంటుంది పిల్ల. కూర్చో అమ్మా అని మాత్రం అంది. బస్సు ఎలా నడిపిందో ఆమెకి తెలీదు. ధాన్యం గోదాముల దగ్గర గేటు పడి ఉంది. ఆగింది. తలుపు తెరిచింది. గడ్డకట్టిన గాలి లోపలికొచ్చింది, దాంతోపాటే ఎంతకీ తెగని గూడ్సు చప్పుడు. పిల్లలు కథ, కథ అన్నారు. మైకు తీసుకుంది.

"కథ తర్వాత. ముందు నా మాట వినండి," అంది. "నా పేరు ఆర్లిస్. మీ తాతల చిన్నప్పుడు నేనొక ఆటలో మా ఊరి మాట అన్నాను. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నాకేం నవ్వు రాలేదు. ఆ పేరంటే నాకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

పెట్టెలు ఒకటొకటిగా వెళుతున్నాయి. చివరికి బ్రిట్టాయే అడిగింది.

"మరి పిలిస్తే పలుకుతావుగా?"

"పలక్కపోతే అసలు ఎవరూ పిలవరేమోనని భయం."

బ్రిట్టా మొహం ఎర్రబడింది. ఆమెకి కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పడం కష్టం. మేం మంచికే పెట్టామంది. తెలుసు, అందరూ మంచికే పెట్టారు, అంది ఆర్లిస్. వెనకెక్కడో ఒక చిన్నవాడు మరి హెల్గాకి ఏమైందని గొణిగాడు.

"వానొచ్చింది, బూడిద పోయింది," అంది ఆర్లిస్. "ఆ తర్వాత ఏమైందో నాకింకా తెలీదు."

ఓపల్ సీట్లోంచి ముందుకి వంగింది. చాలా మెల్లగా అడిగింది, రైలు చప్పుడులో ఆర్లిస్‌కి తప్ప ఎవరికీ వినపడలేదు.

"నేను రేపు కూడా పెద్దబాతు అనే అంటే? నాకు అదే వస్తుంది."

"అను. నవ్వుతారు," అంది ఆర్లిస్. "నీకు నవ్వు రాకపోతే నువ్వు నవ్వకు."

అప్పుడు మఫ్లరు అందించింది. పిల్ల తనంతట తానే మొహం తుడుచుకుంది. సగం పోయింది, సగం పూసుకుపోయింది. తక్కిన దారంతా బస్సులో ఒక్కరు కూడా పాట పాడలేదు. దిగేటప్పుడు బ్రిట్టా ఓపల్ వెనక్కి వెళ్ళి కోటు రెండు చేతులా దులిపింది, కాస్త గట్టిగానే, కోపం ఇంకా పోలేదేమో.

మా ఊళ్ళో మాట గూడ్సు కంటే వేగంగా వెళుతుంది. మధ్యాహ్నానికి కాఫీ కొట్టులో అందరికీ తెలుసు. కొందరు నొచ్చుకున్నారు. ఇన్నేళ్ళూ ముద్దుచేస్తే ఈవిడకి ముల్లులా గుచ్చుకుందా అన్నారు. లొరెయిన్ ఫోను చేసి, నేను కుట్టిన కర్టెన్లు తీసెయ్యాలనిపిస్తే తీసెయ్యి, నేనేమీ అనుకోను అని, అనుకున్నట్టు తెలిసేలాగే చెప్పి పెట్టేసింది. ఆర్లిస్ కర్టెన్లు తీసింది. గడియారం దింపింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ దింపింది. ఎవరో తిట్టినట్టూ ఉంది, ఒంటిమీంచి తడిబట్ట తీసేసినట్టూ ఉంది, రెండూ ఒకేసారి. వంటింటి బల్ల దగ్గర నిలబడే చివరి అధ్యాయం రాసేసింది. వాన వెలిశాక హెల్గా గుండ్రంలోకి వెళ్ళి తన మాటే అంటుంది. ఎవరూ లేవరు. మళ్ళీ అంటుంది. ముళ్ళపంది లేచి వెంటపడుతుంది, ఆమె తట్టింది దాని తల కాకపోయినా సరే, ఎవరో ఒకరు పరిగెత్తాలి కదా అని. అంతే. ఆ ముగింపు కూడా వేరేగా ఉందంటారని ఆమెకి తెలుసు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

డ్యుయేన్ చీకటిపడ్డాక వచ్చాడు. ఆయన కాఫీ కొట్టుకి వెళ్ళే వచ్చాడని మొహం చూస్తేనే తెలిసిపోయింది. బూట్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. బల్ల దగ్గర కూర్చుని ఉప్పుబుడ్డి చేతిలోకి తీసుకుని, దానిమీది బాతుని చూసి, దూరంగా పెట్టాడు.

"ఒక్కసారి చెప్పి ఉండొచ్చుగా నాకు," అన్నాడు.

"ఒక్కసారి అడిగి ఉండొచ్చుగా నువ్వు," అంది.

ఆయన తల ఊపాడు. ఆయనకి చెడ్డమనిషి అనిపించుకోవడం చేతకాదు, క్షమించమనడం అసలే చేతకాదు. ఆర్లిస్ పొయ్యివైపు తిరిగింది. పొయ్యిలోంచి మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్ తీసి, గిన్నె మూత తెరిచి, చల్లారిందేమోనని మళ్ళీ లోపల పెట్టి, గరిటెల కోసం అర లాగింది. చేతులకి పని కావాలి, లేకపోతే ఏడ్చేస్తుంది. వెనక కుర్చీ కిర్రుమంది. డ్యుయేన్ గొంతు సవరించుకున్నాడు. తర్వాత కొత్తగా పరిచయమైనవాళ్ళ పేరు తప్పు పలుకుతానేమోనని భయపడేవాడిలా, నెమ్మదిగా, "ఆర్లిస్" అన్నాడు.

ఆమె గరిటెలు వెతుకుతూనే ఉంది. ఇంట్లోకి ఎవరొచ్చారు, ఎవరిని పిలుస్తున్నాడు అనుకుంది. రెండోసారి పిలిచాక గానీ అది తననేనని ఆమెకి తట్టలేదు.